మెదడు మీద నెపం

‘దేవుడంటే కణత వెనక మెదడులో చెలరేగే చిన్న కరెంటు అలజడి. నేను అనుకున్నాను, నేను చేశాను అన్నవి మెదడు అల్లే కథలు. మనం తేల్చుకోకముందే మెదడు తేల్చేస్తుంది, మనం ఉత్త సాక్షులం. సైన్సు ఈ సంగతి ఎప్పుడో నిరూపించేసింది.’ ఈ మాటలు ఇప్పుడు తెలుగులో ఎక్కడ పడితే అక్కడ వినిపిస్తున్నాయి. హేతువాద సభల్లో చెబుతున్నారు, యూట్యూబు ఇంటర్వ్యూల్లో చెబుతున్నారు, ఆదివారం అనుబంధాల్లో రాస్తున్నారు. ప్రవచన వేదికల మీద కూడా ఇదే సరుకు, కాకపోతే కాస్త తిప్పి చెబుతారు: ధ్యానంలో ‘నేను’ అనే భాగం ఆరిపోతుందని అమెరికావాళ్ళే స్కాన్ తీసి చూపించారు, మన ఋషులు చెప్పింది నిజమని ఒప్పుకున్నారు, అని. దేవుణ్ణి కూలదోయడానికి ఒకరు, నిలబెట్టడానికి ఇంకొకరు అవే రంగురంగుల బొమ్మలు పట్టుకు తిరుగుతున్నారు.

ఇద్దరి మాటా తప్పే. ఆ ప్రయోగాలు దేవుడి సంగతీ తేల్చలేదు, మనిషి సంగతీ తేల్చలేదు. తేల్చలేదన్న విషయం ఆ రంగపు పత్రికల్లోనే అచ్చయి ఉంది, వెతికితే ఎవరికైనా దొరుకుతుంది. నేను హేతువాదం పక్షాన నిలబడే ఈ మాట అంటున్నాను. సాక్ష్యం ఎంతవరకు పోతే అంతవరకే పోవాలన్నది హేతువాదానికి మొదటి పాఠం. బాబాల విషయంలో ఆ పాఠాన్ని కచ్చితంగా పాటించి, ల్యాబు కోటు తొడుక్కున్నవాళ్ళ విషయంలో వదిలేస్తే అది ఇంకో రకం భక్తి.

ముందు ‘దేవుడి హెల్మెట్’ సంగతి చూద్దాం. ఈ ప్రచారంలో సగం దాని మీదే నడుస్తోంది. కెనడాలో సడ్‌బరీ అనే గనుల ఊరుంది. అక్కడి లారెన్షియన్ యూనివర్సిటీలో మైకేల్ పెర్సింగర్ అనే ఆయన ఓ హెల్మెట్‌కు తీగచుట్టలు బిగించి, కణతల దగ్గర బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించేవారు. మనిషిని చీకటి గదిలో, చప్పుడు రాని గదిలో, కళ్ళకు గంతలు కట్టి కూర్చోబెట్టేవారు. పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించిందని నూటికి 80 మంది చెప్పారని ఆయన ప్రకటించారు. పత్రికలకు అంతకంటే ఏం కావాలి? స్విచ్చి వేస్తే దేవుడు, ఆపేస్తే మాయం.

ఆ క్షేత్రం బలం ఒక మైక్రోటెస్లా ఉంటుందేమో. భూమి తన అయస్కాంతంతో మన నెత్తిన రాత్రీపగలూ మోపే క్షేత్రం దానికి పాతిక రెట్లకు పైమాటే. అయినా సరే, పని చేస్తే చేసిందనే ఒప్పుకోవాలి. స్వీడన్‌లో ఉప్సలా యూనివర్సిటీకి చెందిన పేర్ గ్రాన్‌క్విస్ట్ బృందం ఆ పరికరాలనే పెర్సింగర్ ల్యాబు నుంచి తెప్పించుకుంది. 89 మంది మీద ప్రయోగం చేసింది. ఎవరి హెల్మెట్‌లో కరెంటు పారుతోందో, ఎవరిది ఖాళీయో కూర్చున్నవాళ్ళకూ తెలియదు, దగ్గరుండి నడిపేవాళ్ళకూ తెలియదు. ఫలితాలు 2005లో వచ్చాయి. హెల్మెట్ పనిచేస్తోందా లేదా అన్నదానికీ, మనుషులకు కలిగిన అనుభవానికీ ఏ సంబంధమూ లేదు. ఎవరికి ఏం అనిపిస్తుందో ముందే చెప్పగలిగింది ఒక్కటే: ఆ మనిషి సూచనలకు ఎంత తేలిగ్గా లొంగుతాడన్నది. పెర్సింగర్ దీనికి అభ్యంతరం చెప్పారు, గ్రాన్‌క్విస్ట్ బదులిచ్చారు. అంతటితో ఆ హెల్మెట్ కథ పత్రికల్లో ఆగిపోవాల్సింది. మన వేదికల మీద మాత్రం అది ఇంకా వెలుగుతూనే ఉంది.

రెండో ఆధారం మన రామచంద్రన్. చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి, కాలిఫోర్నియా వెళ్ళి, ప్రపంచానికంతా మెదడు గురించి చెప్పిన మేధావి. ఆయన మీద గౌరవం ఉన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 1997లో ఆయన బృందం, కణత వెనకుండే టెంపొరల్ లోబ్‌లో మూర్ఛ ఉన్న కొద్దిమంది రోగులకు రకరకాల పదాలు చూపించి, అరచేతి చెమటలో వచ్చే మార్పును కొలిచింది. మామూలు మనుషుల్లో శృంగారానికి సంబంధించిన పదాలు ఎక్కువ అలజడి రేపుతాయి. ఈ రోగుల్లో దైవానికి సంబంధించిన పదాలు రేపాయి. చాలా ఆసక్తికరమైన సంగతే. కానీ రోగులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఏడాది తర్వాత వచ్చిన తన పుస్తకంలో రామచంద్రన్ దీనివల్ల దేవుడు ఉన్నాడనీ తేలదు, లేడనీ తేలదు అని తానే స్పష్టం చేశారు. పత్రికలు ‘దేవుడి మాడ్యూల్’ అన్న మాట పట్టుకుని ఆ హెచ్చరికను వదిలేశాయి. మూర్ఛరోగులందరూ భక్తులు కారు, భక్తులందరికీ మూర్ఛ లేదు. ఇంత తేలికైన సంగతిని కూడా గుర్తు చేయాల్సి రావడం బాధగా ఉంది.

సరే, స్కాన్‌ల మాటేమిటి? పెన్సిల్వేనియాలో ఆండ్రూ న్యూబర్గ్ 8 మంది టిబెటన్ బౌద్ధ సాధకుల మెదళ్ళను పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించారు. తర్వాత ఫ్రాన్సిస్కన్ సన్యాసినులను తీసుకున్నారు. వాళ్ళు ముగ్గురు. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో దగ్గరగా చూడండి. సాధకుడు ఒక గదిలో కూర్చుంటాడు. చేతి నరానికి సూది గుచ్చి, గొట్టాన్ని పక్కగదిలోకి తీసుకుపోయి ఉంచుతారు. వేలికి అందేలా ఒక దారం ఉంటుంది. ధ్యానం బాగా కుదిరిందని తనకు అనిపించినప్పుడు ఆయన దారం లాగుతాడు. అప్పుడు పక్కగదిలోంచి రేడియోధార్మిక ద్రవం ఎక్కిస్తారు. ఆ తర్వాత యంత్రం కిందికి తీసుకెళ్ళి, ఆ క్షణాన రక్తం మెదడులో ఎటు ఎక్కువ పారిందో, ఎటు తక్కువ పారిందో బొమ్మ తీస్తారు. నడినెత్తికి వెనకగా, మన ఒంటి హద్దునూ చుట్టూ ఉన్న చోటునూ గుర్తుపట్టడంలో పాలుపంచుకునే పెరైటల్ లోబ్‌లో చురుకు తగ్గినట్టు కనిపించింది. ‘నేను ఆరిపోయింది’ అన్న ప్రవచనానికి మూలం ఇదే. కానీ ‘ఇప్పుడు కుదిరింది’ అని గుర్తించిందెవరు? దారం లాగిందెవరు? ‘నేను’ నిజంగా ఆరిపోయి ఉంటే ఆ దారం కదిలేదే కాదు.

మాంట్రియాల్‌లో మారియో బొరెగార్డ్, వాన్‌సాన్ పాకెట్ 2006లో 15 మంది కార్మలైట్ సన్యాసినులను ఫంక్షనల్ ఎమ్మారైలో పడుకోబెట్టారు. సన్యాసినులు మొదటే నిజాయితీగా చెప్పేశారు, దైవానుభవం పిలిస్తే వచ్చేది కాదని. దాంతో తమ జీవితంలో కలిగిన అతి గాఢమైన అనుభవాన్ని తలుచుకోమన్నారు. అంటే ఆ స్కాన్‌లో ఉన్నది ఒక జ్ఞాపకం. అందులోనూ ఒక్క మూల వెలగలేదు. చూపుకూ, ఉద్వేగానికీ, ఒంటి స్పృహకూ సంబంధించిన అనేక ప్రాంతాలు వెలిగాయి. దేవుడికి మెదడులో ప్రత్యేకమైన గది ఏదీ లేదని ఆ పరిశోధకులే రాశారు.

రేపు ఎవరో నిజంగానే ఆ గదిని కనిపెట్టారనుకుందాం. అప్పుడైనా ఏం తేలుతుంది? పదమూడో ఎక్కం చెప్పేటప్పుడూ మెదడులో ఫలానా చోట చురుకు పెరుగుతుంది. అందువల్ల పదమూడు మూళ్ళు ముప్పైతొమ్మిది కాకుండా పోదు. అమ్మ గొంతు ఫోనులో వినగానే ఇంకో చోట పెరుగుతుంది. అందువల్ల ఫోను అవతల అమ్మ లేకుండా పోదు. మనిషికి కలిగే అనుభవమేదైనా మెదడు ద్వారానే కలుగుతుంది. నిజమైనదీ అంతే, భ్రమా అంతే. మెదడులో చోటు దొరికింది కనుక భ్రమ అనడం ఎంత తప్పో, దొరికింది కనుక నిజం అనడమూ అంతే తప్పు. తత్వవేత్త విలియం జేమ్స్ ఈ వాదాన్ని 1902లోనే చీల్చి చెండాడారు. ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఆయన దీనికి ‘వైద్య భౌతికవాదం’ అని పేరు పెట్టారు. సెయింట్ పాల్‌కు డమాస్కస్ దారిలో కలిగిన దర్శనం మూర్ఛ అని కొట్టిపారేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. జేమ్స్ అడిగింది ఒక్కటే: శరీరం ఆధారం కాని ఆలోచన ఏదైనా ఉందా? నాస్తికుడి నాస్తికత్వం ఏ అవయవంలోంచి వచ్చింది? ఒక భావం విలువను అది పుట్టిన చోటును బట్టి కాక, దాని ఫలితాలను బట్టి చూడాలని ఆయన వాదం. నూటిరవై ఏళ్ళు దాటినా ఎవరూ దానికి సరైన జవాబు చెప్పలేదు. యంత్రాలు మారాయి, వాదం అక్కడే ఉంది.

మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. యు.జి. కృష్ణమూర్తి 1918లో మచిలీపట్నంలో పుట్టి, గుడివాడలో పెరిగిన మనిషి. 1967లో స్విట్జర్లాండ్‌లోని సానెన్ దగ్గర తనకు జరిగినదాన్ని ఆయన ఒక విపత్తు అన్నారు. దాన్ని గ్రంథుల భాషలో, ఒంటి మీద లేచిన వాపుల భాషలో చెప్పారు. జ్ఞానోదయం అన్న మాటనే తోసిపుచ్చారు. తన అనుభవాన్ని ఒంటి మార్పుగా ఇంత మొండిగా చెప్పుకున్న మనిషి ఇంకొకరు దొరకడం కష్టం. అంత చెప్పినా, ఆయన మాటల్లో విలువ ఉందా లేదా అన్న చర్చ ఒక్క అంగుళం కదలలేదు. విన్నవాళ్ళు ఆయన మాటలనే తూచారు.

సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల మర్నాడు ‘రంగం’ పేరుతో చెప్పే జోస్యాన్ని చూడండి. పసుపు పూసుకున్న ఓ స్త్రీ పచ్చి కుండ మీద నిలబడుతుంది. కాల్చని మట్టి కుండ. ఆమె ఒంట్లోకి అమ్మవారు వచ్చిందంటారు. పూజారి అడుగుతుంటాడు: వానలెట్లా ఉంటయి తల్లీ, పంటలెట్లా ఉంటయి? ఆమె చెబుతుంది. తర్వాత అడిగితే చెప్పింది తాను కాదంటుంది. ఇక్కడ మెదడు శాస్త్రానికి నిజంగా చేయదగ్గ పని ఉంది. మనం చేయి కదిపేటప్పుడు మెదడు కండరాలకు ఆజ్ఞ పంపడంతో ఊరుకోదు. ఫలితం ఎలా ఉండబోతోందో ముందే అంచనా కడుతుంది. అంచనా, జరిగింది సరిపోలితే ‘ఇది నా పని’ అన్న భావన కలుగుతుంది. ఎవరికి వాళ్ళు చక్కిలిగింత పెట్టుకోలేకపోవడానికి కారణం ఇదేనని లండన్‌లో సారా జేన్ బ్లేక్‌మోర్, క్రిస్ ఫ్రిత్‌లు 1998లో చూపించారు. పూనకంలో నోరు కదులుతుంది, ‘నాది’ అన్న ముద్ర మాత్రం పడదు. అది ఎలా జరుగుతుందో, ఆ డప్పుల మోతకు, ఉపవాసానికి, చిన్నప్పట్నుంచి చూస్తూ పెరిగిన నమ్మకానికి అందులో ఎంత పాత్ర ఉందో పరిశోధించవచ్చు, పరిశోధించాలి కూడా. కానీ వానలు పడతాయా అన్నది తేలాల్సింది ఆ స్త్రీ తలకు తగిలించిన ఎలక్ట్రోడ్లలో కాదు, సెప్టెంబరు చివర వర్షమాపకంలో. జోస్యం చెప్పిన మెదడు మూర్ఛదైనా, పూర్తిగా ఆరోగ్యమైనదైనా, జోస్యాన్ని పరీక్షించే దారి మారదు. పాతకాలపు హేతువాదులకు ఈ సంగతి బాగా తెలుసు. వాళ్ళు బాబా మెదడు జోలికి పోలేదు, బాబా చెప్పినదాన్ని పరీక్షకు పెట్టారు.

ఇక అసలైన మాటకు వస్తాను. మనం తేల్చుకోకముందే మెదడు తేల్చేస్తుందన్న మాట. దేవుడి గురించిన వాదం తప్పైతే ఒక చర్చ పాడవుతుంది. ఇది తప్పైతే మనుషులు మనుషులతో వ్యవహరించే తీరే పాడవుతుంది.

1965లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో కోర్న్‌హూబర్, డీకె ఒక సంగతి ప్రచురించారు. మనిషి తనంతట తాను వేలు కదిపే ముందు, నడినెత్తిన అంటించిన ఎలక్ట్రోడులో ఒక గీత మెల్లగా వాలుతూ వస్తుంది. దానికి రెడీనెస్ పొటెన్షియల్ అని పేరొచ్చింది. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బెంజమిన్ లిబెట్ దానికి ఒక గడియారం జోడించారు. తెర మీద ఒక చుక్క 2.56 సెకన్లకోసారి గుండ్రంగా తిరుగుతుంటుంది. ‘మీకు ఎప్పుడు అనిపిస్తే అప్పుడు మణికట్టు విదిలించండి. అనిపించిన క్షణాన చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుని చెప్పండి’ అన్నారు. 40 సార్లు చేయించి సగటు తీశారు. గీత కదలడం విదిలింపుకు సుమారు 550 మిల్లీసెకన్ల ముందు మొదలైంది. చేయాలనిపించిందని మనుషులు చెప్పిన క్షణం 200 మిల్లీసెకన్ల ముందు. మధ్యలో సెకనులో మూడో వంతు. ఆ మూడో వంతు సెకను మీద ఎన్ని పుస్తకాలు, ఎన్ని ఉపన్యాసాలు, ఎంత తత్వశాస్త్రం కట్టారో చెప్పలేం.

ఆ గీతను నిర్ణయం అని పిలవడమే మొదటి తప్పు. లిబెట్ సగటు కట్టింది విదిలింపు జరిగిన క్షణం నుంచి వెనక్కి లెక్కపెట్టి. 2012లో ఆరన్ షర్గర్, జాకొబో సిట్, స్తానిస్లాస్ దెయాన్ ఒక పత్రంలో ఇందులోని కిటుకు చూపించారు. మెదడులో ఏ కారణమూ లేకుండానే చురుకు ఎప్పుడూ కాస్త పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఏ పనికీ ప్రత్యేకమైన కారణం లేనప్పుడు, ఆ ఊగిసలాట ఒక మట్టం దాటిన క్షణాన చేయి కదులుతుంది. చెరువు అలుగు పారిన రోజులను మాత్రమే ఏరుకుని, ఒక్కో రోజు నుంచి వారం వెనక్కి నీటిమట్టం చూస్తే, ప్రతిసారీ నీరు క్రమంగా పెరుగుతూ అలుగు వైపు నడిచినట్టే కనిపిస్తుంది. పెరిగి, అలుగు తాకకుండా తగ్గిపోయిన వారాలు మన లెక్కలోకే రాలేదు కదా. లిబెట్ గీత కూడా అలాంటిదే కావచ్చు. అప్పుడు అది మెదడు రహస్యంగా తీసుకున్న తీర్పు కాదు, తీర్పు ఇంకా ఏదీ లేని అలజడి. షర్గర్ మాటే చివరి మాట అనను, దాని మీదా చర్చ సాగుతోంది. కానీ ముప్పై ఏళ్ళు ‘నిరూపణ’గా చలామణి అయిన గీతకు ఇంత సాదా వివరణ ఉండగా, దాన్ని దాచిపెట్టి మాట్లాడటం సభ్యత కాదు.

‘ఏడు సెకన్ల ముందే మెదడు చెప్పేస్తుంది’ అన్నది ఇంకో ప్రచారం. 2008లో జర్మనీలో జాన్ డిలన్ హేన్స్ బృందం ప్రచురించిన ప్రయోగం అది. ఎడమ బటన్ నొక్కుతారో కుడి బటన్ నొక్కుతారో ఫంక్షనల్ ఎమ్మారై చూసి ముందే చెప్పారు. ఎంత కచ్చితంగా? నూటికి సుమారు 60 సార్లు. నాణెం ఎగరేస్తే 50 సార్లు సరిపోతుంది. ఆ పది మార్కుల తేడా పరిశోధకులకు విలువైనదే, కాదనను. మనిషిని సాక్షి బోనులోకి నెట్టడానికి మాత్రం అది చాలదు.

వీటన్నిటికంటే నన్ను బాధించేది వేరే ఉంది. ఈ ప్రయోగాల్లో మనిషిని ఏం అడిగారు? ఏ కారణమూ లేని పని చేయమన్నారు. ఎడమా కుడీ ఏదైనా ఒకటే, ఇప్పుడైనా కాసేపాగైనా ఒకటే. ఎందుకన్న ప్రశ్నే లేని చోట నిర్ణయాన్ని వెతికి, నిర్ణయం లేదని ప్రకటించారు. అప్పు చేసి కూతుర్ని చదివించాలా, ఊళ్ళో పెద్దమనిషికి వ్యతిరేకంగా కోర్టులో సాక్ష్యం చెప్పాలా, తండ్రిని వెంటిలేటర్ మీంచి తీయడానికి సంతకం పెట్టాలా? మనిషి నిద్ర లేకుండా కొట్టుకునేది ఇలాంటివాటి గురించి. 2019లో ఉరీ మావోజ్, లియాడ్ ముద్రిక్, క్రిస్టాఫ్ కోహ్‌లు ఈ తేడానే పరీక్షకు పెట్టారు. రెండు సేవాసంస్థల పేర్లు చూపించి, ఒకదానికి నిజంగా డబ్బు వెళ్ళేలా ఎంచుకోమన్నారు. ఇంకో వరుసలో ఏది నొక్కినా రెండింటికీ సమానంగానే వెళ్తుందన్నారు. ఏది నొక్కినా ఒకటే అయినప్పుడు ఆ ప్రసిద్ధమైన గీత కనిపించింది. ఎంపికకు విలువ ఉన్నప్పుడు ఆ గీత దాదాపు కనిపించకుండా పోయింది. ఎందుకిలా అన్నదాని మీద ఇంకా పని జరగాలి. కానీ మణికట్టు విదిలింపు నుంచి మనిషి జీవితానికి వేసిన వంతెన మాత్రం అక్కడ కూలింది.

ఇక్కడ మరో నిజం కూడా చెప్పుకోవాలి. లిబెట్ తానే తన ప్రయోగం స్వేచ్ఛను కొట్టేసిందని అనలేదు. అనిపించాక కూడా ఆ పని చేయకుండా ఆపుకునే శక్తి మనిషికి ఉందని చివరిదాకా వాదించారు. ఆయన పేరు చెప్పి ఆయన నమ్మనిదాన్ని ప్రచారం చేయడం ఆయనకు అన్యాయం.

ప్రతిపక్షానికి ఒక గట్టి వాదం ఉంది, దాన్ని దాటేయను. ‘నేనే చేశాను’ అన్న భావనను మోసగించవచ్చు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ ఈ పని అందరికంటే నేర్పుగా చేశారు. ఇద్దరు ఒకే మౌస్ మీద చేయి వేసి తెర మీద బొమ్మల మధ్య బాణం గుర్తును తిప్పుతుంటారు. ఇద్దరిలో ఒకరు పరిశోధకుడి మనిషి. బాణాన్ని ఒక బొమ్మ దగ్గర ఆపేది అతనే. కానీ ఆపడానికి కాస్త ముందు రెండోవాళ్ళ చెవిలో ఆ బొమ్మ పేరు వినిపిస్తే, వాళ్ళు తామే ఆపామని చెప్పడానికి మొగ్గు చూపారు. దీని మీద ఆయన 2002లో ఒక పెద్ద పుస్తకమే రాశారు, సంకల్పమన్నదే భ్రమ అని.

మోసపోగలిగే భావన అంతా భ్రమే అంటే, చూపు కూడా భ్రమే. సందెవేళ తాడు పామై కనపడుతుందని వేదాంతులు ఎప్పట్నుంచో చెబుతున్నారు. అలాగని మనం కళ్ళు మూసుకుని రోడ్డు దాటడం లేదు. అంతకంటే ముఖ్యమైన సాక్ష్యం మాంట్రియాల్ ఆపరేషన్ గదుల్లో ఉంది. వైల్డర్ పెన్‌ఫీల్డ్ మూర్ఛరోగులకు మెలకువగా ఉంచే శస్త్రచికిత్స చేసేవారు. మెదడుకు నొప్పి తెలియదు కనుక అది వీలవుతుంది. కపాలం తెరిచి, ఎలక్ట్రోడుతో కదలికల ప్రాంతాన్ని తాకితే రోగి చేయి లేచేది. ఎందుకు లేపావని అడిగితే, నేను లేపలేదు, మీరే లేపారు అనేవాళ్ళు. అంటే కర్తృత్వ భావన కళ్ళు మూసుకుని ప్రతి కదలికకూ తన ముద్ర వేయడం లేదు. కొన్నిసార్లు పొరబడుతుంది, చాలాసార్లు సరిగ్గా పట్టుకుంటుంది. స్కిజోఫ్రీనియా ఉన్న కొందరిలో ఈ భావన దెబ్బతింటుంది. నా చేతిని ఎవరో కదుపుతున్నారు, నా ఆలోచనలు నావి కావు అని వాళ్ళు అల్లాడిపోతారు. కర్తృత్వం అందరికీ భ్రమే అయితే వీళ్ళకు కొత్తగా పోయిందేమిటి? ఏ డాక్టరూ ఆ రోగి దగ్గర కూర్చుని, శభాష్, నీకు నిజం తెలిసిపోయింది అనడు. అననివ్వకూడదు కూడా.

ఈ వాదాన్ని తెలుగు నేల మీద హేతువాదం పేరుతో వినిపించడం నాకు ఇంకా కష్టంగా ఉంటుంది. ఎందుకంటే ఇక్కడి నాస్తిక ఉద్యమానికి పునాది వేసినవాళ్ళలో గోరా ఒకరు. గోపరాజు రామచంద్రరావు, వృక్షశాస్త్రం చెప్పిన మేష్టారు. నాస్తికుడైనందుకు ఉద్యోగం పోగొట్టుకుని, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. తర్వాత అది విజయవాడకు వచ్చింది. దేవుడు లేడు అని చెప్పి ఊరుకుంటే ఆయనకు చాలలేదు. దేవుడి మీద భారం వేసి బతకడం బానిస బుద్ధి అన్నారు. నాస్తికత్వమంటే మనిషి తాను స్వతంత్రుణ్ణని, తన పనికి తానే బాధ్యుణ్ణని గుర్తించడం అన్నారు. అంటరానితనం దేవుడు రాసిపెట్టింది అన్నవాళ్ళకు ఆయన జవాబు అదే: రాసింది మనుషులు, చెరపాల్సిందీ మనుషులు. ఆ కొమ్మ మీద కూర్చున్నవాళ్ళే ఇప్పుడు మనిషికి స్వేచ్ఛ లేదు, అంతా న్యూరాన్ల పని అంటున్నారు. శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు అన్న పాత సామెతలో శివుణ్ణి తీసేసి న్యూరాన్‌ను పెట్టినంత మాత్రాన అది విప్లవం కాదు. తలరాతను నొసటి మీంచి నొసటి వెనక్కి జరిపారు, అంతే.

ఆధ్యాత్మిక మార్గంలో ‘కర్తను నేను కాను’ అన్న మాట ఉందని కొందరు గుర్తు చేస్తారు. ఉంది. చేసిన మంచికి పేరు కోరకుండా, ఫలం మీద పట్టు వదులుకోవడానికి చేసే కఠినమైన సాధన అది. ఆ సాధన చేసేవాడు తన నడతను మరింత నిశితంగా చూసుకుంటాడు. తప్పు చేసి దొరికిపోయినవాడు అదే వాక్యాన్ని అడ్డం పెట్టుకుంటే అది వేదాంతం కాదు, తప్పించుకోవడం.

తప్పించుకోవడం గురించి మెదడు శాస్త్రమే ఒక విలువైన సంగతి చెప్పింది, దాన్ని మన వక్తలు ఎందుకో ఎత్తరు. 2016లో ఎమిలీ కాస్పర్, పాట్రిక్ హాగార్డ్ తదితరులు ఒక ప్రయోగం ప్రచురించారు. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఒకరు మీట నొక్కితే ఎదుటివారి డబ్బు కొంత పోతుంది, కొందరికైతే నొప్పి పుట్టించే షాకు తగులుతుంది. నొక్కిన కాస్సేపటికి ఒక శబ్దం వినిపిస్తుంది. నొక్కడానికీ శబ్దానికీ మధ్య ఎంత సమయం గడిచిందో మిల్లీసెకన్లలో అంచనా వేయాలి. మనంతట మనం చేసిన పనికీ దాని ఫలితానికీ మధ్య వ్యవధి మనకు కుదించుకుపోయినట్టు అనిపిస్తుందని హాగార్డ్ అంతకుముందే 2002లో కనిపెట్టారు. ఇది నా పనే అన్న భావనకు అదొక పరోక్షపు కొలత. కొన్నిసార్లు నొక్కాలో వద్దో ఆ మనిషికే వదిలేశారు. కొన్నిసార్లు పక్కన నిలబడి, నొక్కు అని ఆజ్ఞాపించారు. ఆజ్ఞ మీద నొక్కినప్పుడు ఆ వ్యవధి సాగింది. అదే వేలు, అదే మీట, ఎదుటివారికి అదే నొప్పి, కానీ ‘నాది’ అన్న ముద్ర పలచబడింది. శబ్దానికి మెదడు స్పందించే తీరు కూడా బలహీనపడింది.

నా చేతుల్లో ఏముంది సార్, పైనుంచి ఆర్డరు అనే మాట మనం ఎన్ని ఆఫీసుల్లో వినలేదు? ఇళ్ళు కూల్చేటప్పుడు విన్నాం, పింఛను ఆపేటప్పుడు విన్నాం, లాఠీ ఎత్తేటప్పుడు విన్నాం. ఆ మాట అనేవాళ్ళు ప్రతిసారీ అబద్ధమాడుతున్నారని అనుకునేవాళ్ళం. వాళ్ళకు నిజంగానే అలా అనిపిస్తుందేమోనని ఈ ప్రయోగం అనుమానించేలా చేస్తోంది. అది వాళ్ళకు మినహాయింపు కాదు. కర్తృత్వం పుట్టుకతో వచ్చి స్థిరంగా ఉండిపోయేది కాదని, పరిస్థితులు దాన్ని తగ్గించగలవని దానివల్ల తెలుస్తోంది. పెరిగే తరిగే సంగతిని కొలవడం ఎలాగో ఒక శాస్త్రం నేర్పుతుంటే, అదసలు లేదని ఆ శాస్త్రం పేరునే చాటడం దాన్ని తలకిందులు చేయడమే.

ఇది మాటలతో పోయే వ్యవహారం కూడా కాదు. 2008లో పుణె సెషన్స్ కోర్టు ఒక విషప్రయోగం కేసులో ఓ స్త్రీని దోషిగా తేలుస్తూ, మిగతా సాక్ష్యాలతో పాటు ఒక మెదడు పరీక్షను కూడా లెక్కలోకి తీసుకుంది. ఆ పరీక్షలో తల నిండా ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. నిందితురాలు నోరు విప్పనక్కర్లేదు. ఇంకెవరో ఆమె తరఫున ‘నేను’ అంటూ వాక్యాలు చదువుతారు. నేను విషం కొన్నాను, నేను ఫలానా చోటికి వెళ్ళాను, అని. మెదడు తరంగాలను చూసి, ఆ పని ఆమె స్వయంగా చేసిన అనుభవమో, ఎక్కడో విన్న సంగతో తాను పసిగట్టగలనని సాఫ్ట్‌వేరు చెబుతుంది. ఆమె మౌనంగా కూర్చుంది. ‘నేను’ అన్న మాట ఇంకొకరు పలికారు. ‘చేశాను’ అన్న మాట యంత్రం పలికింది. ఇలాంటి పరీక్షలు శాస్త్రీయం కావని బెంగళూరు నిమ్హాన్స్ డైరెక్టర్ నాయకత్వంలోని నిపుణుల కమిటీ ఆ ఏడాదే చెప్పింది. తర్వాత ఆమెకు బొంబాయి హైకోర్టు బెయిలిచ్చింది.

2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. నార్కో, పాలిగ్రాఫ్, మెదడు పరీక్షలు ఏవీ మనిషి సమ్మతి లేకుండా చేయకూడదని చెప్పింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా ఎవరినీ నిర్బంధించరాదన్న రాజ్యాంగపు 20(3) అధికరణ అందుకు ఆధారం, 21వ అధికరణ మరో ఆధారం. ఒప్పుకుంటామన్నవాళ్ళను కూడా ముందు లాయరును కలవనివ్వాలి, ఆ సమ్మతిని మేజిస్ట్రేటు ముందు నమోదు చేయాలి. మెదడులో ఏముందో తెలుసుకునే ముందు మనిషిని అడగాలని, కాదంటే అక్కడితో ఆగిపోవాలని ఈ దేశపు చట్టం చెబుతోంది. మెదడే చేస్తుంది, మనిషి ఉత్త సాక్షి అని వేదికెక్కి చెప్పే వక్తలు, ఆ మాట నిజమైతే ఆ సమ్మతి ఎవరి దగ్గర తీసుకోవాలో, కాదనే హక్కు ఎవరికి ఉంటుందో అదే వేదిక మీద చెప్పాలి.